మెట్లున్న గుంత

బంగారుపాళెం దాటి, కంకర రోడ్డు దిగి,
కన్నెమ్మ శెనక్కాయ చేనులో
ఒకటిన్నర మీటరు లోతు గుంత కావాలన్నాను.
మొగిలప్ప గడ్డపారను తొడకు ఆనించి
"ఎవురికి మేడమ్?" అన్నాడు.

ఎవరికీ కాదు. మట్టిని చూడ్డానికి.

నమ్మినట్టు లేడు. అయినా తవ్వాడు,
ఆరడుగుల నిడివి, రెండున్నర వెడల్పు,
నేను కొలత చెప్పకముందే.

పొద్దు నడినెత్తికెక్కేసరికి గోడ సిద్ధం.
కత్తి మొనతో గీరి పొరలు విడదీశాను.
పైన పద్నాలుగు సెంటీమీటర్లు దున్నిన మన్ను,
పోయినేటి శెనక్కాయ పొట్టు, ఒక బీడీ ముక్క.
దాని కింద ఎరుపు. చిక్కని ఎరుపు.
పెళ్ల విరిస్తే ముఖాన జిగట మెరుపు,
ఎన్ని వానలో పైనుంచి మోసుకొచ్చి పూసిన బంక.
ఆ కింద గరుసు, పిడికిట్లో నలిగిపోయే రాయి,
గోళ్లకు అంటుకునే అభ్రకం.

ఆమ్లం చుక్క వేశాను. పొంగలేదు.
తడిపి పిసికి వేళ్ల మధ్య సాగదీస్తే
రెండు సెంటీమీటర్లకే తెగింది నాడా.
రంగుల పుస్తకంలో కన్నాల వెనక పెళ్లను పెట్టి
ఇది ఏ ఎరుపో వెతుకుతుంటే
కన్నెమ్మ గట్టు మీంచి తొంగిచూసి
"చీరకు జాకిట్టు గుడ్డ చూసినట్టుండాదే" అని నవ్వింది.
చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది.
"దీంట్లో ఉప్పు ల్యా. పడమటి గెనెం కాడ చవుడు.
ఆడ తవ్వుంటే నీకే తెలిసుండేది."
నా ఫారంలో రుచికి గడి లేదు.

చదువుకునే రోజుల్లో ఒక అధ్యాయం,
మంచు మోసుకొచ్చిన నేలల గురించి.
ఎక్కడెక్కడి రాళ్లనో ఈడ్చి, నూరి, కలిపి,
కరిగిపోతూ ఎక్కడో దించేసి పోయిందట.
దాని మీద గడ్డి వేల ఏళ్లు పుట్టి చచ్చి
మోచేతి లోతు నల్లమన్ను.
పరీక్ష కోసం బట్టీ పట్టాను. చేత్తో తాకలేదు.

ఇక్కడ ఏ మంచూ నడవలేదు.
ఈ రాయిని ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదు.
కూర్చున్న చోటే ఎండకు నెర్రెలిచ్చి, వానకు నాని,
లోపలి ఇనుము తుప్పెక్కి
ఉన్న ఊళ్లోనే మన్నయింది.

ఆరేళ్లలో నావి నాలుగు బదిలీలు.
కాసేపు ఏమీ రాయలేదు.

"ఇంతకీ ఏం పేరు పెడతారు?" మొగిలప్ప అడిగాడు.
రోడస్టాల్ఫ్ అన్నాను.
"రోడ్డు స్టాపా? మా బస్సు స్టాపు శానా దూరం మేడమ్."
కన్నెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.
అతని లెక్కలో మన్ను రెండే రకాలు:
మాట వినేది, ఎదురుతిరిగేది.
"మూడడుగుల దాకా ఇంటాది.
ఆపైన గరుసు. దాన్ని బతిమలాడుకోవాల."
ఊళ్లో ఎవరు పోయినా గుంత అతనిదే.
తండ్రికీ అతనే తవ్వాడట, చిత్తకార్తె ముసురులో,
పక్కలు జారుతుంటే రెండుసార్లు.

అప్పుడు చూశాను, తూర్పు పక్క
గోడలోకి చెక్కిన మూడు మెట్లు.
నేను చెప్పలేదు. కూలిలో లేవు.
"ఎందుకు?" అన్నాను.
"ఇది మనిషి మళ్లా పైకొచ్చే గుంత కదమ్మా"
అని పారకు అంటిన మన్ను కాలితో తుడిచాడు.

సాయంత్రం పూడ్చాం.
గరుసు ముందు, ఎరుపు తరవాత,
దున్నిన మన్ను అన్నిటికంటే ఆఖర,
కన్నెమ్మ గట్టిగా చెప్పిన వరస.
లోపల ఏమీ పెట్టలేదు.
సంచుల్లోకి మూడు కిలోలు తీసుకున్నాను కూడా.
అయినా మన్ను మిగిలి
చేను మధ్య చిన్న దిబ్బ లేచింది.

నేను దాన్నే చూస్తున్నానని కనిపెట్టి
మొగిలప్ప తలగుడ్డ విప్పి దులుపుకుంటూ అన్నాడు:
"లేపిన మన్ను ల్యా, ఉలిక్కిపడుంటాది.
మళ్లా పండుకోవాలంటే ఒక వాన పడాల."